కాన్సర్ట్ పిచ్ బటన్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

నేను వాడే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ని (పాశ్చాత్య సంగీతాన్ని కంప్యూటర్లో రాసుకునే ప్రోగ్రామ్) ఇన్నేళ్లుగా వదలకపోవడానికి కారణం అందులోని కాన్సర్ట్ పిచ్ బటన్. క్లారినెట్, హార్న్, సాక్సఫోన్ లాంటివాటికి కాగితం మీద రాసే స్వరం ఒకటి, వినపడేది మరొకటి. అది ఆన్‌లో ఉంటే ఏ వాయిద్యానికైనా వినపడే శ్రుతిలోనే రాసుకుపోవచ్చు. ఆపేస్తే ఎవరి స్వరాలు వాళ్లకి తగ్గట్టు మారిపోతాయి: బి-ఫ్లాట్ క్లారినెట్‌కి ఒక టోన్ పైకి, ఎఫ్ హార్న్‌కి ఫిఫ్త్ (ఐదు స్వరాల దూరం) పైకి. ఆల్టో సాక్సఫోన్ కోసం మేజర్ సిక్స్త్‌లు (ఆరు స్వరాల దూరాలు) వేళ్ల మీద లెక్కపెట్టే బాధ తప్పింది. మొదట్లో ఎవరడిగినా 'ఇదొక్కటి చాలు, తీసేసుకోండి' అనేవాణ్ణి.

ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను. ఒకసారి బి మేజర్ కీలో (స్వరశ్రేణిలో) రాశాను. లెక్క ప్రకారం క్లారినెట్ పార్ట్ (వాయించేవాళ్ల ముందుండే కాగితం) 7 షార్ప్‌ల (షార్ప్ అంటే అర టోన్ పెంచే గుర్తు, ఫ్లాట్ అంటే తగ్గించేది) సి-షార్ప్ మేజర్ అవ్వాలి. సాఫ్ట్‌వేర్ తెలివిగా దాన్ని, వినడానికి అదే అయిన 5 ఫ్లాట్‌ల డి-ఫ్లాట్ మేజర్ చేసింది. సంతోషం. కీలో లేని స్వరం వచ్చేసరికి ఆ తెలివి ఎటుపోయిందో! వయొలిన్‌తో కలిసి ఇ-షార్ప్ నుంచి ఎఫ్-షార్ప్‌కి ఎక్కే చోట, క్లారినెట్‌కి ఎఫ్ డబుల్ షార్ప్, పక్కనే ఎ-ఫ్లాట్ పడ్డాయి. ఎఫ్ డబుల్ షార్ప్, జి వినడానికి ఒకటే; అక్కడ ఉండాల్సింది మామూలు జి. వాయించే ఆయన రిహార్సల్ ఆపి, 'ఇది నిజంగా ఇలాగే కావాలాండీ?' అన్నారు.

పార్ట్‌లో దాన్ని జి చేశాను. అసలు గొడవ అప్పుడు మొదలైంది. కాన్సర్ట్ పిచ్‌కి తిరిగొస్తే స్కోర్‌లో (అన్ని వాయిద్యాలూ కలిపి ఉండే కండక్టర్ ప్రతిలో) క్లారినెట్ లైన్‌కి ఎఫ్ నేచురల్ (మామూలు ఎఫ్) వచ్చి కూర్చుంది, వయొలిన్‌కి మాత్రం ఇ-షార్పే. కండక్టర్ చూస్తే అచ్చుతప్పనే అనుకుంటారు. స్కోర్ సరిచేస్తే పార్ట్ చెడుతోంది, పార్ట్ సరిచేస్తే స్కోర్. ప్లేబ్యాక్‌లో ఏమీ పట్టుబడదు, మిడిలో (కంప్యూటర్ స్వరాలని నంబర్లుగా గుర్తుపెట్టుకునే పద్ధతి) ఇ-షార్ప్‌కీ ఎఫ్‌కీ ఒకటే నంబర్ కాబట్టి.

దారి చూపింది కూడా ఈ సాఫ్ట్‌వేరే. వాయిద్యాన్ని 'ఎ' క్లారినెట్‌గా మార్చగానే పార్ట్ మొత్తం 2 షార్ప్‌ల డి మేజర్‌లోకి దిగింది. ఆ చిక్కు చోట జి-షార్ప్, తర్వాత ఎ, అంతే. ఆర్కెస్ట్రా క్లారినెటిస్టులు రెండేసి వాయిద్యాలు మోసుకు తిరిగేది ఊరికే కాదు మరి. అయితే వాయించేవాళ్ల దగ్గర రెండోది ఉండాలి, బ్యాండుల్లో చాలామందికి ఉండదు. సాక్సఫోన్‌కి ఆ వెసులుబాటు లేదు, అందుకే ఆ పార్ట్‌లు పంపే ముందు ప్రతి యాక్సిడెంటల్‌నీ (కీలో లేని స్వరానికి పెట్టే షార్ప్, ఫ్లాట్ లాంటి గుర్తు) కళ్లతో చూసుకుంటాను.

నేను రాసేవి చిన్న బృందాలకి, అవీ ఎక్కువగా ఫ్లాట్ కీల్లో కాబట్టి దీంతోనే సర్దుకుంటున్నాను. షార్ప్ కీల్లో పెద్ద స్కోర్లు రాసేవాళ్లు మాత్రం, ఒకే స్వరానికి స్కోర్‌లో ఒక స్పెల్లింగ్, పార్ట్‌లో మరొకటి విడిగా సాఫ్ట్‌వేర్ పెట్టుకోనిస్తుందో లేదో ట్రయల్‌లోనే చూసుకోవడం మంచిది.