పాత పుస్తకాల స్కాన్లను చిన్న పీడీఎఫ్‌లుగా మార్చే సాధనాలు: ఏడేళ్ల వాడకం తర్వాత

నెల్లూరులో ముప్పై ఏళ్లుగా డీటీపీ చేస్తూ, ప్రూఫులు దిద్దుతూ బతుకుతున్నవాణ్ణి. ఏడేళ్ల కిందట ఒక కార్తీక మాసంలో, వానలు తెరిపి ఇచ్చాక మా నాన్నగారి పుస్తకాల బీరువా తెరిస్తే, కింది అరలోని పుస్తకాలు తేమకు ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. పై అరలను రామబాణం పురుగులు అప్పటికే పంచుకున్నాయి. ఉన్నవాటినైనా నిలుపుకోవాలని ఆ వారంలోనే ఒక చిన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొన్నాను. అప్పటినుంచి తొంభై పుస్తకాల దాకా స్కాన్ చేశాను. వాటిలో రచయిత గతించి 60 ఏళ్లు దాటిన పుస్తకాలను మాత్రమే అడిగినవాళ్లకు పంపుతూ వచ్చాను. స్కాన్ చేయడం ఓపిక ఉన్న ఎవరికైనా చేతనవుతుంది. ఆ స్కాన్లను ఫోనులో తెరుచుకునేంత చిన్న ఫైలుగా, అక్షరం చెడకుండా మార్చడమే అసలు పని. ఆ పనికి నేను వాడిన స్కాన్‌టైలర్ అడ్వాన్స్‌డ్, జేబిగ్2 ఎన్‌కోడర్, ఓసీఆర్‌మైపీడీఎఫ్, డెజావూ సాధనాలు నా చేతిలో ఎలా నడిచాయో ఇక్కడ రాస్తున్నాను. నాలుగూ ఉచితంగా దొరికేవే.

మొదట లెక్క చెబితే తక్కినది తేలిగ్గా అర్థమవుతుంది. డెమ్మీ సైజు పుస్తకంలో ఒక పేజీ ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర అంగుళాల పొడవు ఉంటుంది. దానిని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగులో స్కాన్ చేస్తే సుమారు 42 లక్షల చుక్కలు వస్తాయి. ఒక్కో చుక్కకు మూడు బైట్ల చొప్పున, ఏ కుదింపూ లేకపోతే, ఆ ఒక్క పేజీయే పన్నెండున్నర మెగాబైట్లు దాటుతుంది. రెండు వందల పేజీల పుస్తకానికి రెండున్నర గిగాబైట్లు కావాలి. అదే పుస్తకాన్ని నేను ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది మెగాబైట్లకు తెస్తున్నాను. ఇంకా తగ్గించవచ్చు, అయినా తగ్గించడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే నేను చేసిన తప్పుల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

మొదటి ఏడాది అందరూ చేసే పనే నేనూ చేశాను. స్కాన్లన్నింటినీ జేపెగ్‌లుగా దాచి, పీడీఎఫ్‌గా కూర్చి, ఇంటర్నెట్‌లో దొరికే ఒక ఉచిత కుదింపు సేవకు ఇచ్చాను. వంద మెగాబైట్ల ఫైలు ఆరు మెగాబైట్లయి తిరిగి వచ్చినప్పుడు సంతోషించి, ఫోనులో తెరిచి చూసి నిరాశపడ్డాను. ఒత్తులన్నీ పాయసంలో ఉడికిన సగ్గుబియ్యంలా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ సేవ లోపల చేసింది చాలా సాదా పని: అంగుళానికి 300 చుక్కలున్న బొమ్మను 72 చుక్కలకు దించింది. పీడీఎఫ్‌లను మార్చే గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాములో 'స్క్రీన్' అనే అమరిక పెట్టుకుంటే ఇంట్లోనే ఇంత నష్టం చేసుకోవచ్చు. దాని పక్కనున్న 'ఈబుక్' అమరిక 150 చుక్కలకు దించుతుంది. అది ఇంగ్లీషు పుస్తకానికి ఎలాగో సరిపోవచ్చు గాని, అక్షరం కింద ఒత్తు, దాని పక్కన మరో ఒత్తు వచ్చే తెలుగుకు చాలదు. పైగా జేపెగ్ ఛాయాచిత్రాల కోసం పుట్టిన పద్ధతి. బొమ్మను ఎనిమిదేసి చుక్కల వెడల్పు, పొడవు ఉన్న చదరాలుగా విడగొట్టి, ప్రతి చదరంలోనూ రంగులు మెల్లగా మారతాయని నమ్మి కుదిస్తుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అంచు దగ్గర రంగు మెల్లగా మారదు, ఒక్కసారిగా తెగుతుంది. అందువల్లనే జేపెగ్‌ను గట్టిగా కుదించినప్పుడు ప్రతి అక్షరం చుట్టూ దోమలు మూగినట్టు మసక కనిపిస్తుంది.

దారి మారింది స్కాన్‌టైలర్ చేతికి వచ్చాకనే. ఇది కుదించే సాధనం కాదు, పేజీని కుదింపుకు సిద్ధం చేసే సాధనం. నా అనుభవంలో ఫైలు సైజులో ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది. జంట పేజీలను విడదీయడం, వంకరను సరిచేయడం, అచ్చు ఉన్న భాగాన్ని గుర్తించడం, అంచులు కొలవడం, చివరికి నలుపు తెలుపులుగా మార్చడం అనే మెట్లు వరుసగా ఉంటాయి. చివరి మెట్టులో పసుపుబారిన కాగితం, తేమ మరకలు, వెనుక పేజీ నుంచి తొంగిచూసే అచ్చు మాయమై, ప్రతి చుక్కా నలుపో తెలుపో అయిపోతుంది. చుక్కకు 24 బిట్లు కావలసిన చోట ఒక్క బిట్ చాలు. నేను 300 చుక్కల బూడిదరంగులో స్కాన్ చేసి, ఇక్కడ 600 చుక్కల నలుపు తెలుపుకు పెంచుతాను. చిన్నది చేయాలనుకుంటూ చుక్కలు పెంచడమేమిటని మొదట నాకూ తోచింది. అయితే బూడిద ఛాయల్లో దాగి ఉన్న అంచు వివరం, నలుపు తెలుపుగా మారేటప్పుడు 300 దగ్గరే ఆగితే పోతుంది, 600కు పెంచితే నిలుస్తుంది. సున్నా గుండ్రంగా, మెట్లు మెట్లుగా కాకుండా ఉంటుంది. నున్నని అంచు బాగా కుదురుతుంది కూడా.

ఈ సాధనంలో నన్ను దెబ్బతీసింది మచ్చలు తుడిచే అమరిక. దానికి మూడు స్థాయిలున్నాయి. పురుగులు తిన్న పుస్తకమని ఒకసారి పై స్థాయిలో పెట్టి, రాత్రి వదిలేసి పడుకున్నాను. పొద్దున చూస్తే పేజీలు ముత్యాల్లా ఉన్నాయి. ముందుమాటలో మాత్రం 'పాఠకులకు' అనేది 'పారకులకు' అయి కూర్చుంది. ఠకారం పొట్టలోని చుక్క మచ్చగా లెక్కలోకి వెళ్లిపోయింది. థకారం పొట్టలో చుక్క పోయినచోటల్లా ధకారం మిగిలి, పుస్తకమంతా 'కధ'లయ్యాయి. మనవాళ్లు చేత్తో చేసే తప్పునే యంత్రమూ చేసిందని నవ్వుకున్నాను గాని, రెండు వందల పేజీలు మళ్లీ చేయాల్సి వచ్చింది. లోపం సాధనానిది అనను, మీట తిప్పింది నేను. అప్పటినుంచి ఆ అమరిక కింది స్థాయిలోనే ఉంచుతున్నాను. పెద్ద మరకలను చేత్తో గీతగీసి తుడుస్తున్నాను. పాత అచ్చులో అరసున్నలున్న పుస్తకమైతే ఆ అమరికను పూర్తిగా ఆపేస్తాను. నలుపు తెలుపుగా మార్చే కొలత కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. సిరా ఎక్కువ పట్టేలా జరిపితే ఠకారం పొట్టలోని చుక్కే వలయానికి అంటుకుని పూడిపోతుంది, తక్కువ పట్టేలా జరిపితే తలకట్లు తెగిపోతాయి. కొత్త పుస్తకం మొదలుపెట్టేటప్పుడు ఠ, థ, ఘ, ఱ ఉన్న ఒక పేజీ వెతికి, దాని మీదే కొలత కుదుర్చుకుని, తర్వాతే మిగతావాటికి వర్తింపజేస్తాను.

ఇక అసలు కుదింపు. నలుపు తెలుపు పేజీకి మూడు దారులున్నాయి. మొదటిది జీ4, 1980ల నాటి ఫ్యాక్స్ ప్రమాణం. ప్రతి వరుసనూ దాని పై వరుసతో పోల్చి, మారిన చోట్లు మాత్రమే రాసుకుంటుంది. 600 చుక్కల డెమ్మీ పేజీ కుదింపు లేకుండా రెండు మెగాబైట్లకు పైగా ఉంటే, జీ4లో నాకు అరవై కిలోబైట్ల చుట్టుపక్కల వస్తున్నది. రెండోది 2000లో ప్రమాణంగా వెలువడిన జేబిగ్2. పీడీఎఫ్‌లో 1.4 కూర్పు నుంచి దీనికి చోటుంది. దీనిలోనే రెండు పద్ధతులున్నాయి. ఒకటి, చుట్టూ ఉన్న చుక్కలను బట్టి తర్వాతి చుక్క నలుపా తెలుపా అని అంచనా కట్టి కుదించేది. ఇందులో ఒక్క చుక్క కూడా మారదు, పేజీ నలభై కిలోబైట్ల దాకా దిగుతుంది. రెండోది, పేజీలోని అక్షరాల ఆకారాలను ఒక పట్టికగా చేసుకుని, ఒకేలా కనిపించినవాటన్నిటికీ పట్టికలోని ఒకే ఆకారాన్ని వాడేది. దీనితో పేజీ ఇరవై కిలోబైట్లకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. కంపోజింగ్ తెలిసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. కేసులో, అంటే అరల పెట్టెలో, ఉన్న సీసపు టైపును తీసి పేర్చినట్టే, ఒక అచ్చును పదేపదే వాడుకోవడం.

ఈ రెండో పద్ధతి నాకు రెండేళ్లపాటు ఎంతో నచ్చింది. రెండు వందల పేజీల పుస్తకం నాలుగు మెగాబైట్లకు వచ్చేది. అప్పుడు ఒక చిన్న పుస్తకం చేశాను. ఒక ఊరి దేవాలయానికి ఎవరెవరు ఎంత ఇంటి స్థలం ఇచ్చారో తెలుగు అంకెల్లో జాబితా ఉన్న పుస్తకం. మన వైపు స్థలాన్ని అంకణాల్లో కొలుస్తారు గదా, అన్నీ అంకణాల లెక్కలే. దాన్ని వాట్సాప్‌లో ఆత్మకూరు వైపు ఉండే ఒక పెద్దాయనకు పంపాను. మూడో రోజు ఆయన ఫోను చేసి, "ఏమయ్యా, మా తాత గుడికి ఇచ్చింది ఇరవై మూడు అంకణాలు. నీ పుస్తకంలో ముప్పై మూడు ఉంది. మిగతా పది అంకణాలు నువ్వు కొనిస్తావా?" అన్నారు. అచ్చు తప్పేమో అన్నాను. మూల పుస్తకం తీసి చూస్తే ౨౩ అని స్పష్టంగా ఉంది. ఫైలులో ౩౩ ఉంది. ౨కూ ౩కూ తోక దగ్గర మాత్రమే తేడా. చిన్న టైపులో, సిరా పలచబడిన అచ్చులో ఆ రెండూ ఒకటేనని ఎన్‌కోడర్ (కుదించే ప్రోగ్రాము) అనుకుని, పట్టికలోని ౩ను తెచ్చి అక్కడ పెట్టింది. ప్రూఫు దిద్దే కంటికి కూడా ఇలాంటిది చిక్కదు. మసకబారిన అక్షరం అనుమానం పుట్టిస్తుంది, మారిన అక్షరం మాత్రం తక్కినవాటంత నిగనిగలాడుతూ ఉంటుంది.

తర్వాత వెతికితే ఇది నా ఒక్కడి అనుభవం కాదని తెలిసింది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేసిన ఒక ఇంటి ప్లానులో గదుల వైశాల్యాలు మారిపోవడం బయటపెట్టారు. 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు ఉండవలసిన మూడు గదులకూ 14.13 అనే ఉంది. కారణం ఇదే జేబిగ్2 ఆకార పట్టిక. అంకెల పట్టికలున్న పుస్తకాలను, పంచాంగాలను, వంశవృక్షాలను ఆ పద్ధతిలో ఎవరూ కుదించవద్దని గట్టిగా చెబుతాను. తెలుగులో ప్రమాదం అంకెలతో ఆగదు. 'ని'కీ 'నీ'కీ మధ్య ఉన్నది గుడి చివర చిన్న మెలిక మాత్రమే. అది మారితే పద్యంలో గణం తప్పుతుంది, తప్పు కవి నెత్తిన పడుతుంది. ఆ పద్ధతిలో చేసిన పాతిక పుస్తకాలనూ మళ్లీ నష్టం లేని పద్ధతిలో చేసి, పంపినవాళ్లందరికీ తిరిగి పంపాను. మూల స్కాన్లను ఒక హార్డ్ డిస్కులో ఉంచుకోబట్టి అది సాధ్యమైంది. స్కాన్లను కుదించి, వెతకడానికి వీలైన పీడీఎఫ్‌గా మార్చే ఓసీఆర్‌మైపీడీఎఫ్ మామూలు అమరికలో నష్టం లేని జేబిగ్2నే వాడుతుంది కాబట్టి ఇప్పుడు నా పని దానితోనే సాగుతున్నది.

మరో విషయం ప్రయోగంలో తేలింది. ఆకార పట్టిక వల్ల కలిగే లాభం అన్ని పుస్తకాలకూ ఒకేలా ఉండదు. అను ఫాంట్లతో డీటీపీ చేసి ఆఫ్‌సెట్‌లో అచ్చయిన పుస్తకంలో ప్రతి 'క'కారమూ అచ్చంగా ఒకటే కాబట్టి ఫైలు బాగా తగ్గుతుంది. సీసపు టైపుతో అచ్చయిన పాత పుస్తకంలో ఒక 'క' తలకట్టు విరిగి ఉంటుంది, ఇంకొకటి సిరా ఎక్కువై ఉబ్బి ఉంటుంది, పట్టిక పెరుగుతూ పోతుంది. మనం కాపాడాలనుకునేవి సాధారణంగా ఈ రెండో రకం పుస్తకాలు, వాటిలోనే లాభం తక్కువ, తప్పు జరిగే అవకాశం ఎక్కువ.

మూడో దారి డెజావూ. 1990ల చివర ఏటీ అండ్ టీ పరిశోధనశాలల్లో యాన్ లెకున్, లియోన్ బోటూ బృందం రూపొందించిన పద్ధతి ఇది. ఈ లెకునే తర్వాత కృత్రిమ మేధలో చేసిన కృషికి, కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన 2018 ట్యూరింగ్ అవార్డు పంచుకున్నవారు. పేజీని అక్షరాల పొరగా, వెనుక కాగితం పొరగా విడదీసి, దేనికి తగిన కుదింపు దానికి వాడడం ఇందులోని తెలివి. రంగుల అట్టలు, మాసిన కాగితపు అందం పోకుండా చూపాలనుకున్న పేజీలు దీనిలో నాకు అద్భుతంగా వచ్చాయి. తెరవడంలో వేగమూ ఎక్కువే. అయినా ఏడాది వాడి మానేశాను. నా పుస్తకాలు చదివేవాళ్లు అరవై దాటినవాళ్లు. ఫోనులో మరో యాప్ వేసుకోమంటే, "ఎందుకులే నాయనా, పుస్తకం తీసి ఉంచు, నేనే వచ్చి తెచ్చుకుంటా" అంటున్నారు. వాళ్లకు పీడీఎఫ్ ఒక్కటే తెలుసు, అది నొక్కితే తెరుచుకుంటుంది. ఆకార పట్టికతో కుదించే పద్ధతి డెజావూలో కూడా ఉంది కాబట్టి పైన చెప్పిన జాగ్రత్త దానికీ వర్తిస్తుంది.

ఫొటోలున్న పేజీల గురించి ఒక మాట. పాత బ్లాకులతో అచ్చు వేసిన ఫొటోలు దగ్గరగా చూస్తే సన్నని నల్లచుక్కల గుంపులు. వాటిని నలుపు తెలుపుగా మార్చితే ఏ పద్ధతికీ లొంగవు, ఒక్క ఫొటో పేజీ పది అక్షరాల పేజీలంత అవుతుంది. స్కాన్‌టైలర్‌లో మిశ్రమ పద్ధతి ఎంచుకుని ఫొటో చుట్టూ గీత గీస్తే, ఆ భాగం బూడిదరంగులో ఉండి, అక్షరాలు మాత్రం నలుపు తెలుపు అవుతాయి. ఆ గీత యంత్రానికి వదిలేస్తే ఒక్కోసారి శీర్షిక పక్కనున్న పువ్వు బొమ్మను కూడా ఫొటో అనుకుంటుంది. అందుకని ప్రతి ఫొటోకూ చేత్తోనే గీస్తున్నాను.

చివరగా, వెతకడానికి వీలుగా పేజీ వెనుక కనబడకుండా చేర్చే అక్షరాల పొర. ఓసీఆర్‌మైపీడీఎఫ్ ఈ పనిని బొమ్మలోని అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ అనే ప్రోగ్రాము చేత చేయిస్తుంది. డీటీపీ పుస్తకాల్లో ఫలితం పనికొచ్చేలా ఉంది. సీసపు టైపు పుస్తకాల్లో ఒత్తులు జారిపోతాయి, అరసున్నలను ఏవేవో గుర్తులుగా చదువుతుంది, పేరు పెట్టి వెతికితే ఉన్నచోట్లలో సగమైనా దొరకడం లేదు. పేజీ బొమ్మ చెక్కుచెదరదు కాబట్టి దాని వల్ల నష్టమేమీ లేదు. ఫైలు పెరిగేది కూడా పేజీకి నాలుగైదు కిలోబైట్లకు మించదు. అందుకని ఆ పొరను ఉంచుతున్నాను గాని, దాని మీద ఆధారపడి సూచిక తయారుచేయడం మానుకున్నాను. దేవాలయం పుస్తకానికి సూచిక మాత్రం కాగితం మీద చూసి, చేత్తో టైపు చేసి, అంకణాల వరుసను రెండుసార్లు సరిచూసి పెట్టాను.