ఎక్మో దిగాక పంపు మేలా, గుండె మార్పిడి మేలా?

మా ఆయన ఎక్మో మీద, అంటే గుండె, ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే మెషీను మీద, పదకొండు రోజులుండి, అటు నుంచి అటే గుండె మార్పిడికి వెళ్లి రెండేళ్లు దాటింది. అప్పటి నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే. "అక్కా, ఎల్‌వ్యాడ్ పంపు పెట్టించాలా, జీవన్‌దాన్‌లో పేరు రాయించి గుండె కోసం ఆగాలా?" ఎల్‌వ్యాడ్ అంటే నీరసపడ్డ గుండెకి తోడుగా లోపల అమర్చే పంపు, జీవన్‌దాన్ అంటే దానంగా వచ్చే అవయవాల కోసం పేర్లు రాయించే ప్రభుత్వ పథకం. ఎవరికి ఏది కుదురుతుందో తేల్చాల్సింది డాక్టర్లే. ఊపిరితిత్తుల్లో ప్రెషర్ బాగా ఎక్కువుంటే మార్పిడి చేయరు, అప్పుడు పంపే దిక్కు. రెండూ కుదిరేవాళ్లకే ఈ మాటలు, అదీ ఇంటికొచ్చాక బతుకు ఎలా ఉంటుందన్న వరకే.

హార్ట్‌మేట్ 3 అనే ఎల్‌వ్యాడ్ పంపు మీద జరిగిన పెద్ద పరిశోధనలో ఐదేళ్లకు నూటికి 58 మంది దాకా బతికున్నారు. మార్పిడి అయితే ప్రపంచం మొత్తం మీద సగం మందికి పైగా 12 ఏళ్లు దాటుతున్నారు. నేను మాత్రం ఈ అంకెలు పక్కనపెట్టి, ఇంట్లో రెండో మనిషికి పడే చాకిరీ చూశాను.

పంపుకి కడుపులోంచి ఒక వైరు బయటికొస్తుంది. అక్కడ చీము పట్టకుండా మాస్కు, గ్లోవ్స్ వేసుకుని కట్టు మారుస్తూనే ఉండాలి, ఎక్కువ ఇళ్లల్లో ఆ పని భార్యదో తల్లిదో. బ్యాటరీల జత 17 గంటల దాకా వస్తుంది, రాత్రికి గోడ ప్లగ్గే ఆధారం. మాది ఖమ్మం దగ్గర పల్లె, గాలివానకి కరెంటు పోతే ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలీదు, ఇన్వర్టర్ ఉన్నా నాకైతే నిద్ర పట్టేది కాదు. ఈత మాట మర్చిపోవాలి. పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తుంటుంది కాబట్టి ఊళ్లో ఆర్‌ఎంపీకి నాడి దొరక్కపోవచ్చు, ముందే చెప్పి ఉంచకపోతే ఆయన హడలిపోతాడు. పైగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర, అది సరిపోతోందో లేదో చూసే ఐఎన్‌ఆర్ రక్తపరీక్షలు. ఒకరోజు మునగాకు, పాలకూర తెగ తినేసి మర్నాడు మానేస్తే ఆ లెక్క తప్పుతుంది.

మార్పిడితో హాయిగా ఉన్నామని కాదు. కొత్త గుండెని ఒళ్లు తిప్పికొట్టకుండా పొద్దున 8కి, రాత్రి 8కి టాక్రోలిమస్ మాత్ర, ఒక్క పూట కూడా తప్పకూడదు. రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష రోజు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. పంపరపనస ముట్టకూడదు. ఇన్ఫెక్షన్ భయం, కిడ్నీల భయం, స్టెరాయిడ్‌తో వచ్చిన షుగరు, మొదటి ఏడాది మాటిమాటికీ గుండె కండ చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ. కొత్త గుండెకి నరాలు తెగిపోయి ఉంటాయి కదా, మెట్లెక్కితే కాస్త ఆగి గాని వేగం అందుకోదు. మా ఆయనకి కోపం కూడా లేటుగా వస్తోందని నేను ఏడిపిస్తుంటాను.

కానీ ఆ మాత్రలు ఆయన వేసుకుంటారు, నేను పొలానికి వెళ్తాను. అందుకే గుండె దొరికే వీలుంటే నా ఓటు మార్పిడికే. అప్పటిదాకా ఆగే ఓపిక గుండెకి లేకపోతే ముందు పంపు, తర్వాత మార్పిడి, అలా చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. గుండె గట్టిగా కొట్టుకునేలా ఎక్కించే డొబుటమిన్ డ్రిప్పు కొన్నాళ్ల ఊరటే.

ఎక్మో తర్వాత కాళ్లలో సత్తువ లేకపోవడం, నిద్రలో ఉలిక్కిపడటం ఏ దారిలో వెళ్లినా ఉంటాయి, ఫిజియోథెరపీ మానకండి. పంపు వైపే మొగ్గుతుంటే మాత్రం, సంతకం పెట్టేముందు ఆ కట్టు మార్చడం ఒకసారి దగ్గరుండి చూపించమని నర్సుని అడగండి, ఇంట్లో రేపు ఆ పని ఎవరు చేస్తారో వాళ్లనే తీసుకెళ్లి.