మదద్ పోర్టల్: గల్ఫ్‌లో పట్టుబడిన ఆడమనిషికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్ల కోసం ఎంబసీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టే చోటు మదద్. కాగితం కదిలించడానికి దీనికి అయిదుకు నాలుగు మార్కులు. నిర్బంధంలో ఉన్న మనిషి క్షేమానికి రెండే, అదీ మనం సరిగ్గా రాస్తేనే.

పలాస, సోంపేట వైపు "మా అమ్మాయి దుబాయ్‌లో ఉంది" అంటే అది కువైట్ కావచ్చు, మస్కట్ కావచ్చు. విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన ఈ పోర్టల్‌లో ఫిర్యాదు మొదట దారి తప్పేది అక్కడే. దేశం తప్పు పెడితే వేరే ఎంబసీకి పోతుంది. వాట్సాప్ కాదు, ఆమె చేసిన మామూలు కాల్ నంబరు మొదట్లో ఏ కోడ్ ఉందో చూడండి: 965 కువైట్, 968 ఒమన్, 971 యూఏఈ, 966 సౌదీ. విజిట్ వీసా మీద దుబాయ్‌లో దింపి మస్కట్ పంపేసే ఏజెంట్లున్నారు, విమానం టికెట్టును నమ్మొద్దు.

నెట్ సెంటర్లో నింపిస్తే ఇంట్లోవాళ్ల ఈమెయిలే ఇవ్వండి. సెంటర్ వాళ్లది ఇస్తే ఎంబసీ అడిగిన ప్రశ్న అక్కడే పడుంటుంది.

పాస్‌పోర్టు జిరాక్సు మొదటి పేజీ ఒక్కటే చాలదు. తల్లిదండ్రుల పేర్లు, చిరునామా ఉండేది చివరి పేజీలో. అసలుది కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గరే ఉండిపోతే అవుట్‌పాస్ (పాస్‌పోర్టు లేకుండా ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం) కావాలి, దానికి ఆమె భారతీయురాలని తేలాలి. ఇంటిపనికి వెళ్లేవాళ్లకు 30 ఏళ్లు నిండాలన్న నిబంధన దాటించడానికి ఏజెంటు వయసు పెంచి ఉంటే ఆధార్‌తో పొసగదు. దాచకుండా ఆ తేడా రాయండి.

అందరూ తేలిగ్గా వదిలేసేది వివరణ గడి. "జైల్లో ఉంది, కాపాడండి" అని ఒక్క లైను రాస్తే, చూడ్డానికి వెళ్లిన ఎంబసీ అధికారికి ఏం అడగాలో తెలియదు. గర్భం ఉందా రాయండి. బీపీ, షుగరు మాత్రలుంటే కంపెనీ పేరు కాదు, అట్ట వెనక ఉన్న మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని అన్నది రాయండి. పనిచేసిన ఇంట్లో కొట్టినా, చెయ్యి వేసినా మగవాళ్ల ముందు ఆమె చెప్పలేకపోవచ్చు; మహిళా అధికారి విడిగా మాట్లాడాలని కోరండి. ప్యాడ్ల సంగతి రాయడానికి సిగ్గెందుకు? నిర్బంధంలోని ఆడవాళ్లకు అవి ఉచితంగా ఇవ్వాలని 2010 నాటి ఐక్యరాజ్యసమితి బ్యాంకాక్ నియమాల్లోనే ఉంది. ఎంబసీకి కబురు పెట్టమని ఆమె కూడా అడగొచ్చు, 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణ ఇచ్చిన హక్కు అది.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో హింసకు భయపడి వెళ్లిపోయి, ఏ దేశంలోనైనా ఆశ్రయం కోరుతున్న మనిషైతే ఆమె ఒప్పుకోకుండా ఫిర్యాదు పెట్టకండి. ఆమె జాడ ఇంటికి తెలియడమే ఆమెకు ప్రమాదం.

శిక్ష పడ్డవాళ్లకు విడుదల తేదీ ఉంటుంది. దేశం నుంచి పంపించేస్తామని నిర్బంధంలో కూర్చోబెట్టినామెకు అదీ ఉండదు. నిద్ర, తిండి ముందు పోయేది ఆ ఎదురుచూపులోనే. ఫోన్ దొరికిన రెండు నిమిషాల్లో అప్పులవాళ్ల సంగతి ఎత్తకండి. ఫిర్యాదు నంబరు చెప్పి, చివరిగా వచ్చిన జవాబు చదివి వినిపించండి.

టికెట్టుకని ఏజెంటు డబ్బు అడిగితే ఆగండి. దిక్కులేని స్థితిలో ఉన్నవాళ్లకు టికెట్టు, చిన్న జరిమానాలు కట్టడానికి ఎంబసీల దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. అదే ఫిర్యాదులో ఆ నిధి పేరు రాసి అడగండి.