సక్సెషన్ సర్టిఫికెట్ కోసం లాయర్‌ను పెట్టుకుంటున్నారా? ముందు ఇది చదవండి

విజయవాడలో వారసత్వం కాగితాల పని మీద లాయర్ కోసం తిరుగుతున్నవాళ్లకు చెబుతున్నా. మేం పెట్టుకున్న లాయర్ పేరు రాయను. రాస్తే గొడవంతా ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది.

నాన్న పోయాక నామినీ లేని రెండు ఎఫ్‌డీలు బయటపడ్డాయి. వీలునామా లేదు. కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు బ్యాంకువాళ్లు. తెలిసినవాళ్లు చెబితే గవర్నర్‌పేటలో ఒక లాయర్ దగ్గరికి వెళ్లాం. "మూడు నెలల పనమ్మా, ఇల్లు కూడా ఇందులోనే కలిపేద్దాం" అన్నారు. అడ్వాన్సు 40,000, డబ్బు చేతికొచ్చాక మొత్తం మీద 2 శాతం. రసీదు అడగడానికి మొహమాటపడ్డాం.

అసలు 1925 వారసత్వ చట్టం కింద ఇచ్చే ఈ సర్టిఫికెట్ బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల వరకే. ఇంటికీ పొలానికీ పనికిరాదు. పైగా వచ్చినదాంట్లో లాయర్ వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఈ రెండూ మాకు ఆలస్యంగా తెలిశాయి.

ఎనిమిది నెలలు ఫోన్ చేసినప్పుడల్లా "వాయిదా పడిందమ్మా" అనేవారు. అమ్మ ఆ తేదీలన్నీ గోడ మీది క్యాలెండర్‌లో రాసి పెట్టుకునేది. ఒక రాత్రి తమ్ముడు కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్‌లో మా పేర్లు కొట్టి చూస్తే కేసే లేదు. నమోదైన ప్రతి కేసుకూ ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ ఇవ్వమంటే ఆయన మాట దాటేశారు. చివరికి గుమస్తానే చెప్పాడు: "నంబరే పడలేదండీ, బండిల్ రిటర్న్‌లో ఉంది." అంటే కేసు నమోదు కాకుండానే కాగితాలను కోర్టు ఆఫీసు వెనక్కి ఇచ్చేసింది. లేని కేసుకు వాయిదాలు ఎలా పడ్డాయో ఆయనకే తెలియాలి.

వెళ్లి చూశాం. పిటిషన్‌కు గుచ్చిన కాగితం మీద ఆఫీసు అభ్యంతరం ఒక్క ముక్క: మృతుని తల్లి వివరాలు లేవు. నాయనమ్మ తెనాలిలో బాబాయి దగ్గర ఉంటుంది. హిందువుల్లో వీలునామా రాయకుండా కొడుకు పోతే భార్యాపిల్లలతో పాటు తల్లికీ సమానంగా వాటా వస్తుంది. ఆ సంగతి చెబితే లాయర్ గారు "ఆవిడ ఉన్నారా?" అన్నారు, మేమేదో దాచినట్టు. తహసీల్దార్ ఆఫీసు నుంచి మేం తెచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మా ముగ్గురి పేర్లే ఉన్నాయి, నిజమే. కానీ అడగాల్సింది ఎవరు?

వినియోగదారుల ఫోరానికి వెళ్దామనుకున్నాం. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇక మిగిలింది రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. మిగతా ఫీజు కడితేనే ఒరిజినల్స్ ఇస్తానన్నారు లాయర్ గారు. ఫీజు బాకీ ఉన్నా క్లయింట్ కాగితాలు ఆపుకునే హక్కు లాయర్‌కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందని తమ్ముడు అనేసరికి కవరు బయటికొచ్చింది. లాయర్‌ను మార్చుకోవడానికి వకాల్తా మీద కావలసిన నో అబ్జెక్షన్ సంతకానికి మాత్రం ఇంకో మూడు వారాలు తిప్పారు.

మీరు మొహమాటపడకండి. డబ్బు ఇచ్చిన రోజే రసీదు తీసుకోండి, ఒరిజినల్స్ బదులు జిరాక్సులు ఇవ్వండి, "నంబర్ పడింది" అనగానే యాప్‌లో మీరే చూసుకోండి.

ఇప్పుడు పని ఒక లాయరమ్మ చూస్తున్నారు. మేం కుర్చీలో కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి మాట: "మీ నాన్నగారి అమ్మగారు ఉన్నారా?"