వీ-క్రాస్‌కి రెండంగుళాల లిఫ్టు: ఉద్దానం దారుల్లో పది నెలల తర్వాత

మాది పలాస దగ్గర ఉద్దానం ఊరు. జీడి, కొబ్బరి తోటలున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పడిపోయిన చెట్ల చోట వేసిన మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. మార్చి నుంచి మే దాకా పిక్కలు ఏరే రోజుల్లో మా బండి తోటకీ కాశీబుగ్గకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. బండి 2017 నాటి ఇసుజు డి-మాక్స్ వీ-క్రాస్ పికప్. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు).

లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగాక వెనక కమానులు బాగా దిగిపోయాయి. మా దగ్గర జీడి పిక్కల బస్తా అంటే 80 కిలోలు. నాలుగు బస్తాలు వేసేసరికి వెనక భాగం కూర్చుండిపోయేది. ఇసుక దారిలో ప్రతి గుంటకీ యాక్సిల్ పైకి వచ్చి రబ్బరు బంపుకి ధన్‌మని కొట్టేది. కమానులు ఎలాగూ మార్చాలి కదా, అదే ఖర్చులో కొంత కలిపి బండిని కాస్త ఎత్తు చేయిద్దామనుకున్నాను.

ముందు విశాఖలో ఒక షాపుకి ఫోన్ చేశాను. చవకలో అయిపోయే పని చెప్పారు: ముందు స్ప్రింగు మీద ఒక స్పేసరు, వెనక కమానుకీ యాక్సిల్‌కీ మధ్య ఒక దిమ్మ. ఎత్తు వస్తుంది, నిజమే. కానీ దిగిపోయిన కమాను దిగిపోయినట్టే ఉంటుంది, బస్తాలు వేస్తే మళ్ళీ అదే కథ. అందుకే స్ప్రింగులు, షాకులు (కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్లు), కమానులు అన్నీ కొత్తగా వచ్చే పూర్తి కిట్టు వైపు వెళ్ళాను. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీలు స్ప్రింగులను మోసే బరువును బట్టి రకరకాలుగా అమ్ముతాయి. ఎంపికలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. షాపువాళ్ళు నాకు అన్నిటికన్నా గట్టి రకం తీసుకోమన్నారు. నేనూ సరేనన్నాను. డబ్బు కట్టే ముందు ఎందుకో ఆగి, టెక్కలిలో మా నాన్న రోజుల నుంచీ మా బళ్ళకి కమానులు కట్టే పెద్దాయనని అడిగాను. ఆయన ఒకటే ప్రశ్న వేశారు.

"బండి మీద రోజూ ఎంత బరువుంటాది బావూ? అది సెప్పు ముందు. ఎన్ని అంగుళాలో తరవాత సూద్దాం."

సీజన్‌లో నాలుగు బస్తాలని చెప్పాను. "అది మూడు నెల్లు. మిగతా తొమ్మిది నెల్లో?" అన్నారు. మిగతా రోజుల్లో ఇనుప ఫ్రేము, పనిముట్ల పెట్టె, ఒక్కోసారి కొబ్బరికాయలు. మొత్తం కలిపినా నూటయాభై కిలోలు దాటదు. గట్టి కమానులు వేస్తే ఆ తొమ్మిది నెలలూ బండి ఎగిరెగిరి పడుతుందనీ, ఖాళీ బండికి వెనక చక్రాల పట్టు కూడా తగ్గుతుందనీ ఆయన చెప్పారు. ఆయన మాట మీదే మధ్య రకం తీసుకున్నాను. ఈ పది నెలల్లో ఆ నిర్ణయం తప్పని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

ఎత్తు విషయంలో రెండంగుళాల దగ్గరే ఆగాను. ఇంకా లేపితే ముందు చక్రాలకి వెళ్ళే యాక్సిల్ జాయింట్లు మరీ వాలుగా తిరిగి తొందరగా అరుగుతాయి. అప్పుడు ముందు చక్రాలని పైనుంచి పట్టి ఉంచే ఆర్మ్‌లు కూడా మార్చాల్సి వస్తుంది. ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. సస్పెన్షన్ లిఫ్టుతో లేచేది బాడీ, ఛాసీ మాత్రమే. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండు, అంటే డిఫరెన్షియల్, వెంట్రుకవాసి కూడా లేవదు. దారి మధ్య మిట్ట దానికి తగులుతుంటే పెద్ద టైరు వేస్తేనే ఫలితం ఉంటుంది.

బిగింపు విశాఖలోనే చేయించాను. ఒక రోజంతా పట్టింది. కుర్రాళ్ళు స్ప్రింగుని కంప్రెసర్‌తో జాగ్రత్తగా నొక్కే విప్పారు, అది బాగా నచ్చింది. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం మీదకొస్తుంది. బుష్‌ల (కీళ్ళ దగ్గరుండే రబ్బరు తొడుగుల) బోల్టుల చివరి బిగింపు మాత్రం బండి జాకీ మీద ఉండగానే చేయబోయారు. నేనే ఆపాను. బండి చక్రాల మీద నిలబడ్డాకే అది బిగించాలి. గాల్లో బిగిస్తే బుష్ రబ్బరు మెలితిరిగినట్టే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ముందూ వెనకా టేపుతో కొలిచాను. ముందు 44 మిల్లీమీటర్లు, వెనక 52 లేచింది. నెల తర్వాత కొలిస్తే వెనక 48కి సర్దుకుంది. వీల్ అలైన్‌మెంట్ అక్కడే చేయించి కాగితం తీసుకున్నాను. ఎత్తు పెరిగితే చక్రాల కోణాలు మారతాయి. సరిచేయకుండా నడిపితే టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి.

షాపు మీద నాకు నిజంగా కోపం వచ్చింది తర్వాత. ఆరువందల కిలోమీటర్లు తిరిగాక మందస రోడ్డులో వెనక నుంచి టక్ టక్‌మని శబ్దం మొదలైంది. టెక్కలి తీసుకెళ్తే పెద్దాయన కిందకి దూరి చూసి, కమానుని యాక్సిల్‌కి కట్టి ఉంచే యూ బోల్టుల నట్లు వదులయ్యాయన్నారు. కొత్త కమానులు సర్దుకునేటప్పుడు అది మామూలేనట, అందుకే ఐదువందల కిలోమీటర్లకి ఒకసారి మళ్ళీ బిగించాలట. షాపులో ఎవరూ ఆ మాట చెప్పలేదు. అవి పూర్తిగా వదులైపోతే కమాను పట్టీలని మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి యాక్సిలే పక్కకి జరుగుతుంది. హైవే మీద బస్తాలతో వెళ్తున్నప్పుడు అలా జరిగి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. హెడ్‌లైట్లూ దించలేదు. మొదటి రాత్రి ఎదురొచ్చిన ప్రతి లారీ డిమ్ కొట్టమని లైట్లేస్తుంటే నాకు అర్థమైంది.

చట్టం సంగతి కూడా వాళ్ళు ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కిట్టుకి డబ్బు కట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి జవాబు కాగితం మీదే తీసుకోండి.

కిట్టు, కూలి, అలైన్‌మెంట్ కలిపి లక్షా ముప్ఫై వేలు దాటింది. మా అమ్మకి బండి ఎక్కడం కష్టమైతే కింద ఇంకో మెట్టు వెల్డింగ్ చేయించాను, అది వేరే ఖర్చు. మొన్నటి సీజన్ అంతా నాలుగు బస్తాలతో తిరిగినా రబ్బరు బంపు శబ్దం ఒక్కసారి కూడా వినలేదు. ముందు టైర్లు రెండు అంచులా సమానంగానే అరుగుతున్నాయి. మళ్ళీ కొనాల్సొస్తే కిట్టు ఇదే కొంటాను, షాపు మాత్రం మారుస్తాను. ఫిబ్రవరిలో, పిక్కల పని మొదలవక ముందే, యూ బోల్టులు ఇంకోసారి చూపించడానికి టెక్కలి వెళ్తున్నాను.