‘మై కజిన్ విన్నీ’: ముద్దాయి తరఫు వకీలు పని ఏమిటో చూపిన హాస్యచిత్రం

కోర్టు సినిమాల్లో ముద్దాయి తరఫు వకీలు సాధారణంగా చివరి పది నిమిషాల్లో ఆవేశంగా ఉపన్యసిస్తాడు, లేదంటే అసలు హంతకుణ్ణి బోనులో నిలబెట్టి నేరం ఒప్పించేస్తాడు. నిజమైన విచారణలో ఈ రెండూ అరుదు. ప్రాసిక్యూషన్ (నేరం మోపిన ప్రభుత్వ పక్షం) తెచ్చిన ప్రతి ఆధారాన్నీ తూచి, పరీక్షకు నిలబడనిదాన్ని జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) కళ్లముందే పక్కన పెట్టించడం ఆ వకీలు అసలు పని. ఈ పనిని ఓపికగా, తప్పుల్లేకుండా చూపించిన సినిమా ఏదని అడిగితే గంభీరమైన చిత్రాలను దాటి, 1992లో జోనథన్ లిన్ తీసిన ‘మై కజిన్ విన్నీ’ అనే హాస్యచిత్రాన్నే నేను ముందు చెబుతాను. దర్శకుడు కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివినవారు కావడం వల్ల కాబోలు, ఇందులో హాస్యం చాలావరకు కోర్టు నియమాల నుంచే పుడుతుంది.

కథ చిన్నది. అలబామా రాష్ట్రం మీదుగా కారులో వెళ్తున్న ఇద్దరు న్యూయార్క్ కుర్రాళ్లు, ఒక దుకాణంలో గుమాస్తాను కాల్చి చంపారన్న అభియోగంపై అరెస్టవుతారు. డబ్బాడు చేప మాంసం పొరపాటున డబ్బివ్వకుండా తెచ్చేసినందుకే తమను పట్టుకున్నారనుకుంటున్న బిల్, గుమాస్తాను ఎప్పుడు కాల్చావని షెరిఫ్ (స్థానిక పోలీసు అధికారి) అడిగితే, నిర్ఘాంతపోయి ‘నేను గుమాస్తాను కాల్చానా?’ అంటాడు. ఆ మాటే కోర్టులో షెరిఫ్ నోట ప్రశ్నార్థకం ఊడిపోయి, నేరాంగీకారంగా వినిపిస్తుంది. వాంగ్మూలాన్ని కాగితం మీద చదవడానికీ, అది ఏ స్వరంలో, ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చిందో తెలుసుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ ఒక్క సన్నివేశం చెబుతుంది.

వాళ్లను కాపాడడానికి బిల్ బంధువు విన్నీ (జో పెస్కీ) వస్తాడు. లాయరు పరీక్షను ఆరో ప్రయత్నంలో గట్టెక్కిన అతను అంతవరకు ఒక్క కేసూ వాదించలేదు. ప్రాథమిక విచారణలో సాక్షులను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కూర్చుంటాడు. నేరం ఒప్పుకుంటున్నారా లేదా అన్న దానికి ఒక్క ముక్కలో జవాబివ్వడం కూడా అతనికి చేతకాదు. తీరా విచారణ మొదలయ్యాక ప్రారంభ ప్రసంగంలో ప్రాసిక్యూటర్ చెప్పిందంతా చెత్త అని బూతుమాటతో తేల్చేస్తే, చివరన విన్నీ చెప్పిన ధన్యవాదం తప్ప మిగతాదంతా రికార్డు నుంచి తొలగించమని న్యాయమూర్తి ఆదేశిస్తాడు.

సినిమాలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన ఘట్టం కోర్టు బయట జరుగుతుంది. ప్రాసిక్యూటర్‌తో కలిసి వేటకు వెళ్లి, స్నేహం నటించి, అతని దగ్గరున్న కేసు కాగితాల నకళ్లు సంపాదించానని విన్నీ గొప్పగా చెప్పుకుంటాడు. అప్పటికే నిబంధనల పుస్తకం తిరగేస్తున్న అతని ప్రియురాలు లీసా (మరీసా టోమే), ఆ కాగితాలు అడిగితే ఇచ్చి తీరాలని చట్టమే చెబుతోందని అతని గాలి తీసేస్తుంది. దయగా అందిందనుకున్నది నిజానికి హక్కు. ముద్దాయికి అనుకూలమైన కీలక సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ తొక్కిపెడితే అది న్యాయప్రక్రియకే భంగమని అమెరికా సుప్రీంకోర్టు 1963లో బ్రేడీ కేసులో తేల్చింది. పేద ముద్దాయికి ప్రభుత్వమే వకీలును ఇవ్వాలన్న గిడియన్ తీర్పు వచ్చిందీ ఆ సంవత్సరమే. వకీలును ఇస్తే సరిపోదని కూడా సినిమా గుర్తు చేస్తుంది: రెండో కుర్రాడు స్టాన్ విన్నీని నమ్మక ప్రభుత్వ వకీలును ఎంచుకుంటే, ఆ పెద్దమనిషి తడబడుతూ, జవాబు తెలియని ప్రశ్న అడిగి, సాక్షి కంటిచూపు మీద జ్యూరీకి ఉన్న అనుమానాన్ని కూడా పోగొడతాడు. అతని నత్తిని నవ్వుకు వాడుకోవడం మాత్రం నాకు రుచించలేదు.

ఇక క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) సన్నివేశాలు. ముగ్గురు ప్రత్యక్ష సాక్షులు. ముగ్గురూ నిజాయితీపరులే. విన్నీ వారిలో ఎవరినీ అబద్ధాలకోరని అనడు. అల్పాహారం వండడం మొదలుపెట్టినప్పుడు కుర్రాళ్లు దుకాణంలోకి వెళ్లారనీ, తినబోతుండగా తుపాకి పేలిందనీ, మధ్యలో గడిచింది అయిదు నిమిషాలేననీ ఒకాయన అంటాడు. ఏం వండారని అడిగితే, మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్ అని తెలుస్తుంది. అది ఉడకడానికి ఇరవై నిమిషాలు పడుతుందని ఆ ప్రాంతంలో పెరిగిన జ్యూరీ సభ్యులందరికీ తెలుసు. రెండో సాక్షి మురికి పట్టిన కిటికీ గుండా, చెట్ల కొమ్మల సందుల్లోంచి చూశాడు. మూడో ఆమెకు కళ్లద్దాలున్నాయి గానీ అవి ఇప్పుడు ఆమె చూపుకు చాలవు. విన్నీ కొలత టేపు తీసుకుని కోర్టు హాలులోనే దూరం కొలిచి, చేతివేళ్లు ఎన్ని చూపిస్తున్నానో చెప్పమంటాడు. మనిషి నిజాయితీగా ఉంటూనే పొరబడగలడన్న విషయాన్ని, సాక్షిని అవమానించకుండా రాబట్టడమే క్రాస్ ఎగ్జామినేషన్‌లోని నేర్పు. తెర మీద ఇంత శుభ్రంగా ఇది మరెక్కడా కనిపించదని నా అభిప్రాయం.

న్యాయమూర్తి హాలర్‌గా ఫ్రెడ్ గ్విన్ నటన (ఇదే ఆయన చివరి సినిమా) మొదట నవ్విస్తుంది, తరువాత ఆలోచింపజేస్తుంది. వకీలు ఏ కోటు వేసుకోవాలి, ఎలా నిలబడాలి అన్న విషయాల్లో ఆయన ఆవగింజంత సడలింపు కూడా ఇవ్వడు. అంత పట్టుదల గల న్యాయమూర్తి, ప్రాసిక్యూషన్ ముందస్తు సమాచారం ఇవ్వకుండా ఎఫ్‌బీఐ టైర్ల నిపుణుణ్ణి బోనెక్కించినప్పుడు, తమ నిపుణుణ్ణి సిద్ధం చేసుకునే అవకాశం డిఫెన్స్‌కు లేకుండా పోయిందన్న విన్నీ అభ్యంతరాన్ని ఎంతో తెలివైనదని మెచ్చుకుని మరీ తోసిపుచ్చుతాడు. ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. ప్రక్రియలో మర్యాదకు సంబంధించిన భాగాన్ని కాపాడుతూ, రక్షణకు సంబంధించిన భాగాన్ని జారవిడిచే కోర్టు ఎలా ఉంటుందో ఆ ఒక్క ఆదేశంలో ఉంది.

కార్ల గురించి బాగా తెలిసిన లీసాను విన్నీ నిపుణ సాక్షిగా పిలిచే సన్నివేశం గురించి ఎంత రాసినా తక్కువే. ఆమె అర్హతను పరీక్షించడానికి ప్రాసిక్యూటర్ 1955 నాటి షెవర్లే కారు, 327 క్యూబిక్ అంగుళాల ఇంజన్ మీద ప్రశ్న వేస్తే, ఆ ఇంజన్ 1962 దాకా రానేలేదని ఆమె ప్రశ్ననే కొట్టిపారేస్తుంది. నిపుణత డిగ్రీతోనే రానక్కర్లేదనీ, కోర్టులో ప్రశ్నలకు నిలబడితే చాలుననీ ప్రాసిక్యూటర్ అంగీకరించక తప్పదు. టోమేకు ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ తెచ్చిన పాత్ర ఇది.

లోపాలు లేకపోలేదు. కుర్రాళ్లు నిర్దోషులని మనకు మొదటి నిమిషం నుంచే తెలుసు; పైగా అసలు నిందితులు వేరే రాష్ట్రంలో దొరికారన్న కబురు సరిగ్గా సమయానికి వస్తుంది. సందేహం మిగిలి ఉండగానే ముద్దాయిని విడిచిపెట్టాల్సిన కష్టం జ్యూరీకి రాకుండా రచయిత తప్పించాడు. ఆ కష్టం కావాలనుకునేవారు 1959లో ఒట్టో ప్రెమింజర్ తీసిన ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ చూడాలి. అక్కడ ముద్దాయి చెప్పేది నిజమో కాదో చివరి దాకా తేలదు. వినేసిన మాటను విననట్టు ఉండమని న్యాయమూర్తి చెబితే జ్యూరీ ఎలా ఉండగలదని ముద్దాయి అడిగితే, ఉండలేదని వకీలే ఒప్పుకుంటాడు. ఆ న్యాయమూర్తి పాత్ర వేసినది జోసెఫ్ వెల్ష్ అనే నిజమైన లాయరు. దాని ముందు విన్నీ సినిమా నైతికంగా తేలికగానే కనిపిస్తుంది.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. విన్నీ తన అనుభవం గురించి న్యాయమూర్తికి అబద్ధం చెప్పి, వేరే పేరున్న వకీలుగా చలామణీ అవుతాడు. ఆ గుట్టు బయటపడేలోగా లీసా న్యూయార్క్‌లోని ఒక న్యాయమూర్తి చేత మరో అబద్ధం చెప్పించి గండం గట్టెక్కిస్తుంది. రెండు గంటలపాటు ప్రాసిక్యూషన్‌ను నియమాల పేరుతో నిలదీసిన సినిమా, తన వకీలు కోర్టునే మోసగించిన సంగతిని నవ్వుతూ దాటేస్తుంది. ఆ అబద్ధం విచారణ మధ్యలో బయటపడి ఉంటే జైలు గదిలో కూర్చుని దాని ఫలితం అనుభవించాల్సింది ఆ ఇద్దరు కుర్రాళ్లే.