మేయర్‌హాఫ్ స్కాలర్స్: ఉపకార వేతనాన్ని మించిన శిక్షణ

అమెరికాలో బాల్టిమోర్ నగర శివార్లలోని యూఎంబీసీ (యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్, బాల్టిమోర్ కౌంటీ) పేరు, అక్కడికి ఎంఎస్ చదవడానికి వెళ్ళే మన పిల్లల వల్ల, తెలుగు ఇళ్ళలో కొందరికైనా తెలిసినదే. కానీ ఆ విశ్వవిద్యాలయానికి గుర్తింపు తెచ్చిన మేయర్‌హాఫ్ స్కాలర్స్ ఉపకార వేతన కార్యక్రమం గురించి మనవాళ్ళు మాట్లాడుకోవడం అరుదు. విజ్ఞాన, ఇంజనీరింగ్ రంగాల్లో నల్లజాతి యువకుల సంఖ్య మరీ తక్కువగా ఉండటం చూసి, రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతుల విరాళంతో, ఆ తర్వాత ఈ విశ్వవిద్యాలయానికే అధ్యక్షుడైన ఫ్రీమన్ హ్రబౌస్కీ 1988లో దీనికి రూపమిచ్చారు. పన్నెండేళ్ళకే, 1963లో నల్లజాతివారి పౌరహక్కుల కోసం అలబామాలో జరిగిన బర్మింగ్‌హామ్ పిల్లల ఊరేగింపులో నడిచి జైలుకు వెళ్ళిన మనిషి ఆయన.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చినది డబ్బు కాదు, పద్ధతి. తరగతులు మొదలు కాకముందే, వేసవిలో ఆరు వారాల పాటు కొత్త బృందాన్నంతా ఒకేచోట ఉంచి, లెక్కలతో పాటు ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్ర కూడా చదివిస్తూ, ఎవరికివారు పుస్తకం ముందు కూర్చోవడం కాక కలిసి చదవడం అలవాటు చేస్తారు. తోటివాడు వెనకబడితే అది తన బాధ్యత కూడా అని ప్రతివారూ భావించాలి. ర్యాంకుల పోటీలో పెరిగిన మనకు ఇది వింతగానే తోస్తుంది. నాయకత్వ శిక్షణ పేరుతో విడిగా ఉపన్యాసాలు ఎన్ని పెట్టినా ఇంత పని జరగదని నా అభిప్రాయం. మోడెర్నా కోవిడ్ టీకా రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన కిజ్మేకియా కార్బెట్ ఇక్కడి విద్యార్థినే.

లోపం లేకపోలేదు. హైస్కూల్లోనే లెక్కల్లో, సైన్సులో రాణించినవారికే ఇక్కడ చోటు దొరుకుతుంది కనుక, మంచి బడి అందని పేద పిల్లలకు ఈ తలుపు తెరుచుకోవడం కష్టమే. మొదట నల్లజాతివారికే పరిమితమైనా, 1996 నుంచి అన్ని జాతులవారికీ ప్రవేశం కల్పించారు. పెన్ స్టేట్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాలు ఇదే నమూనాను తమ ప్రాంగణాల్లో అమలు చేస్తున్నాయి.